షిరిడీ ప్రయాణంలో ఒక్కరోజు గోదారికి: నందూర్ మధ్మేశ్వర్ పిట్టలు, నాసిక్ ద్రాక్షతోటలు

“ఇదేంట్రా, ఇదా గోదారి?” అంది మా అమ్మ. రాజమండ్రి రేవులో నిలబడితే అవతలి ఒడ్డు మసగ్గా కనిపించే గోదారిని చూస్తూ పెరిగిన మనిషి మరి. ఇక్కడేమో ఎదురుగా పెద్ద చెరువులా నిలిచిన నీళ్లు, మధ్యలో తుంగ మొలిచిన మట్టిదిబ్బలు, అవతల చెరకు తోట. నదిలా ఏమీ లేదు. కాసేపటికి ఆ దిబ్బల మీదున్నవి రాళ్లు కావని, పిట్టలని తెలిసింది. ఆ తర్వాత రెండు గంటలు అమ్మ అక్కణ్నుంచి కదల్లేదు.

ఆ ఊరు నందూర్ మధ్మేశ్వర్. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా, నిఫాడ్ తాలూకా. నాసిక్ నుంచి 40 కిలోమీటర్ల దూరం. త్రయంబకేశ్వర్ దగ్గర బ్రహ్మగిరిలో పుట్టిన గోదావరి నాసిక్ దాటి వచ్చి, ఇక్కడ కాదవా అనే చిన్న నదిని కలుపుకుంటుంది. ఆ సంగమం దగ్గర బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ఆనకట్ట ఉంది. వందేళ్లుగా దాని వెనక ఒండ్రు పేరుకుని నీళ్లు లోతు తగ్గాయి, దిబ్బలు లేచాయి, తుంగ పెరిగింది. ఇంజినీరు లెక్కలో అది నష్టమే. పిట్టలకు మాత్రం అంతకన్నా మంచి చోటు దొరకదు. 2020 జనవరిలో దీన్ని రామ్‌సర్ చిత్తడి నేలగా, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా ప్రకటించారు. మన కొల్లేరుకు 2002లో వచ్చిన గుర్తింపు అదే. మహారాష్ట్రలో ఆ గుర్తింపు మొదట వచ్చింది దీనికే.

ఏటా లక్షలమంది తెలుగువాళ్లు షిరిడీ వెళ్తున్నారు. దర్శనం చేసుకుని, శని శింగణాపూర్ చూసుకుని, వీలుంటే త్రయంబకం కూడా చూసుకుని తిరుగు రైలెక్కేస్తారు. షిరిడీ నుంచి కారులో సుమారు గంటన్నర దూరంలో ఈ ఊరుంది. దాని చుట్టుపక్కలే దేశంలో వైన్‌కి పేరున్న ప్రాంతం ఉంది. ఇవి రెండూ చూడ్డానికి ఒక రోజు, ఒక రాత్రి చాలు. ఎలా వెళ్లాలో, ఏది ముందు చూడాలో నాలుగుసార్లు వెళ్లొచ్చిన అనుభవంతో రాస్తున్నాను.

మొదటి పని: నెల ఎంచుకోవడం

మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా వెళ్లండి. ఒక్కటే నెల చెప్పమంటే జనవరి అంటాను.

పిట్టలకూ ద్రాక్షకూ కాలం ఒకటే కావడం ఈ ప్రాంతపు అదృష్టం. యూరప్‌లో ద్రాక్షతీగ చలికాలం నిద్రపోయి, వేసవిలో పెరిగి, సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతకొస్తుంది. నాసిక్‌లో అలా కుదరదు, ఎందుకంటే వేసవి తర్వాత వచ్చేది జోరువాన. అందుకే ఇక్కడి రైతు ఏడాదికి రెండుసార్లు తీగ కత్తిరిస్తాడు. ఏప్రిల్‌లో ఒకసారి, కొత్త కొమ్మలు బలపడటానికి. వానలు తగ్గాక అక్టోబరులో రెండోసారి, కాయ కోసం. ఆ కాయ చలికాలమంతా పెరిగి జనవరి నుంచి మార్చి వరకు కోతకొస్తుంది. సరిగ్గా అప్పుడే ఉత్తరాది చలికి తాళలేక వలస పిట్టలు ఇక్కడికి దిగుతాయి.

చలి అన్నాను కదా, తేలిగ్గా తీసుకోకండి. మహారాష్ట్ర మైదాన ప్రాంతాల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోటుగా చలికాలంలో తరచూ పేపర్లో వచ్చేది నిఫాడ్ పేరే. తెల్లవారుజామున 5, 6 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందకి పడిపోతుంది. అలాంటి రాత్రుళ్లు రైతులు తోటల్లో నెగళ్లు వేసి తీగల్ని కాపాడుకుంటారు. విజయవాడలో జనవరికి వేసుకునే పల్చటి స్వెట్టర్ ఇక్కడ పనికిరాదు. చెవులకు మఫ్లర్, కాళ్లకు సాక్సులు ఉండాల్సిందే.

ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఎండ, ఆకులు లేని తీగలు, ఎగిరిపోయిన పిట్టలు. వానాకాలంలో పచ్చగా ఉంటుంది గానీ పిట్టలు తక్కువ, గోదారికి వరదొస్తే ఒడ్డు దగ్గరికే వెళ్లలేరు. ఇంకో మాట: 2027లో నాసిక్‌లో సింహస్థ కుంభమేళా. బృహస్పతి సింహరాశిలో ఉన్నప్పుడు అక్కడ సింహస్థం, ఇక్కడ మన గోదావరి పుష్కరాలు. రెంటికీ లెక్క ఒకటే. ఆ రోజుల్లో ప్రశాంతమైన ఊరు వెతుక్కుంటూ నాసిక్ వైపు వెళ్లకండి.

ఎలా చేరుకోవాలి

హైదరాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ మన్మాడ్, నాసిక్ రోడ్ మీదుగా ముంబై వెళ్తుంది. కోస్తా వాళ్లకు నరసాపురం నుంచి నాగర్‌సోల్‌కు రైలుంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఊరి పక్కన ఎక్కి, అదే నది పుట్టిన జిల్లాలో దిగుతారన్నమాట. కాకినాడ నుంచి నేరుగా సాయినగర్ షిరిడీకి కూడా రైలుంది. రోజులు, వేళలు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసేముందు చూసుకోండి.

షిరిడీలో గానీ నాగర్‌సోల్‌లో గానీ కారు మాట్లాడుకోవడం తేలిక. మాట్లాడేటప్పుడు “నాసిక్ డ్రాప్” అనొద్దు. “నందూర్ మధ్మేశ్వర్, చాపడ్‌గావ్ పక్షి అభయారణ్యం, రాత్రి అక్కడే, రేపు మధ్యాహ్నం నాసిక్ గంగాపూర్ రోడ్” అని విడమర్చి చెప్పండి. డ్రైవర్ బత్తా, రాత్రి హాల్టు డబ్బులు అప్పుడే తేల్చుకోండి. లేకపోతే చివర్లో వాదన తప్పదు.

కారు వద్దనుకుంటే నిఫాడ్ వరకు రైలులోనో ఎర్ర బస్సులోనో రావచ్చు. అక్కడి వాళ్లు ఆ బస్సుని ఎస్టీ అంటారు. అక్కణ్నుంచి ఊరు 12, 13 కిలోమీటర్లే. ఆటో దొరుకుతుంది గానీ తిరుగు ఆటో దొరకదు. వచ్చిన ఆటోవాడి నంబరు రాసుకోండి.

రాత్రి ఎక్కడ ఉండాలి

చాలామంది నాసిక్‌లో హోటల్ తీసుకుని పొద్దున్నే వద్దామనుకుంటారు. మొదటిసారి నేనూ అదే చేశాను. “తొందరేం లేదు సార్, పిట్టలెక్కడికి పోతాయి” అన్నాడు డ్రైవరు. చేరేసరికి పదయింది. పిట్టలు ఎక్కడికీ పోలేదు, నిజమే. ఎండెక్కాక నీళ్ల నడిమికి వెళ్లి చుక్కల్లా కూర్చున్నాయి.

అందుకే రాత్రి ఊరికి దగ్గర్లోనే ఉండండి. అభయారణ్యం దగ్గర అటవీ శాఖ వసతి ఉంది. గదులు తక్కువ కాబట్టి ముందుగా అడిగి ఖాయం చేసుకోవాలి. అది దొరక్కపోతే నిఫాడ్‌లో సాదా లాడ్జీలుంటాయి. పెద్దవాళ్లుంటే వేడినీళ్లు, వెస్టర్న్ టాయిలెట్ ఉన్నాయా అని ఫోన్‌లోనే అడగండి. వెళ్లాక తెలుసుకుంటే టెన్షన్.

రాత్రి భోజనం కూడా ముందే చెప్పాలి. ఊళ్లో హోటళ్లుండవు. గైడ్‌కి మధ్యాహ్నమే చెప్తే ఎవరింట్లోనైనా వండిస్తారు. జొన్న భాక్రీ, పిట్లా, పచ్చిమిర్చి ఠేచా, ఉల్లిపాయ. పిట్లా అంటే శనగపిండిని తాలింపు వేసి ఉడికించే కూర. పూరీలో వేసుకునే బొంబాయి చట్నీకి అన్నలాంటిది. జొన్నరొట్టె తిన్న తెలంగాణ, రాయలసీమ వాళ్లకి ఇల్లు గుర్తొస్తుంది. మా గోదావరి జిల్లాల వాళ్లకే అన్నం లేదే అని బెంగ. డిసెంబరు, జనవరిల్లో లేత జొన్న కంకులు కాల్చి రాల్చిన గింజలు పెడతారు. వాళ్లు హుర్డా అంటారు, మన ఊచబియ్యమే. దొరికితే వదలకండి.

ఉల్లిపాయ గురించి ఒక మాట. దేశమంతా ఉల్లి ధర ఎందుకు పెరిగిందని గొడవ జరిగినప్పుడల్లా టీవీలో వినిపించే లాసల్‌గావ్ మార్కెట్ ఈ తాలూకాలోనే ఉంది.

తెల్లవారుజామున: పిట్టలు

ఆరున్నరకల్లా చాపడ్‌గావ్ గేటు దగ్గరుండండి. ప్రవేశ రుసుము, కెమెరా రుసుము కొద్దిపాటివే. చిల్లర నోట్లు పట్టుకెళ్లండి. ఫోన్‌తో కడదామంటే ఆ చలిపొగమంచులో సిగ్నల్ కూడా నిద్రలేవదు.

గైడ్‌ని తప్పక పెట్టుకోండి. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే, అటవీ శాఖ దగ్గర శిక్షణ పొందినవాళ్లు. బైనాక్యులర్, టెలిస్కోప్ కూడా అద్దెకు దొరుకుతాయి. నాకు పిట్టల గురించి పెద్దగా తెలీదు. ఆ కుర్రాడు లేకపోతే అన్నీ కొంగలే అనుకుని వచ్చేసేవాణ్ని. పిలిచేటప్పుడు “దాదా” అంటే చాలు, అన్నా అన్నట్టే. వంట చేసి పెట్టే పెద్దావిణ్ని “మావశీ” అనండి, పిన్నీ అని. హిందీ అందరికీ వస్తుంది. గోదావరి అంటే మాత్రం చాలాసార్లు వాళ్ల నోట “గంగ” అనే వస్తుంది. నది గురించి ఏదైనా అడిగి జవాబులో గంగ వినిపిస్తే కంగారుపడకండి.

ఇక చూడాల్సినవి. ముందు మంచు మీదుగా శబ్దం వస్తుంది, పిట్ట తర్వాత కనిపిస్తుంది. నారింజ రంగు ఒంటితో జంటలుగా ఈదేవి చక్రవాకాలు. కావ్యాల్లో రాత్రంతా విడిపోయి ఏడ్చే ఆ జంటలే. పొద్దున మాత్రం హాయిగా గడ్డి మేస్తుంటాయి, విరహమేమీ కనిపించదు. గరిటెలాంటి ముక్కుతో నీళ్లని అటూ ఇటూ కలియబెట్టేవి తెడ్డుమూతి కొంగలు. నత్తల్ని చీల్చుకుతినే నత్తగుల్ల కొంగలు మన పొలాల్లోనూ ఉంటాయి. తల మీద రెండు నల్ల చారలున్న బాతులు కనిపిస్తే నిలబడి చూడండి. అవి హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. సూదితోక బాతులు వందల్లో ఉంటాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి లేచాయంటే పైన చిత్తడి గద్ద తిరుగుతోందని అర్థం. అప్పుడు టెలిస్కోప్ వదిలేసి ఉత్త కళ్లతో ఆకాశం చూడండి.

పులికాట్‌లో చూసినట్టు రాజహంసలు గుంపులుగా ఉంటాయని ఆశపెట్టుకోకండి. వస్తాయి, కానీ అన్ని రోజులూ కాదు, అంత సంఖ్యలోనూ కాదు.

ఎర్ర చొక్కా, తెల్ల కుర్తా వద్దు. ఆకుపచ్చో మట్టిరంగో వేసుకోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. దగ్గరగా ఫొటో కావాలని నీళ్ల అంచుకి దిగొద్దు. పైకి గట్టిగా కనిపించే ఒండ్రు మోకాలి దాకా దిగబడుతుంది. మా బావమరిది ఒక చెప్పు ఇంకా అక్కడే ఉంది.

తొమ్మిదిన్నరకి వచ్చేయండి.

ఊరు, గుడి, ఆనకట్ట

గోదారి మధ్య రాళ్ల మీద మధ్యమేశ్వరుడి గుడి. ఊరి పేరు దాన్నుంచే. పక్కనే మృగవ్యాధేశ్వరుడు. బంగారు లేడి రూపంలో వచ్చిన మారీచుణ్ని రాముడు వేటాడింది ఇక్కడేనని స్థలపురాణం. నాసిక్‌లోని పంచవటిని తలుచుకుంటే ఆ కథ ఇక్కడిదాకా పరిగెత్తి రావడం సహజమే అనిపిస్తుంది. నీళ్లు ఎక్కువగా ఉన్న రోజు గుడికి వెళ్లే దారి గురించి ఊళ్లోవాళ్లు చెప్పిందే వినండి, సొంత తెలివి ఉపయోగించకండి.

ఆనకట్ట దగ్గర పది నిమిషాలు నిలబడండి. మన ఆనకట్టకు చుట్టమైన తమిళ మాట అణైకట్టునే ఇంగ్లీషువాళ్లు తమ భాషలోకి తీసుకెళ్లారు. 1852లో కాటన్ ధవళేశ్వరంలో కట్టినదాని పక్కన ఇది పిల్లది. కానీ పని అదే. పైన 1916 నాటి దారణా డ్యాం నుంచి వదిలిన నీళ్లు ఇక్కడ ఆగి, కుడి ఎడమ కాలువల్లోకి మళ్లుతాయి. ఆ కాలువలే కోపర్‌గావ్, రాహాతా వైపు వెళ్తాయి. షిరిడీలో బస్సు దిగ్గానే బుట్టల్లో పెట్టి అమ్మే జామకాయలు కొన్నారా? రాహాతా జామతోటలకు పోయే నీళ్లు ఇవే.

చీకటి పడ్డాక చెరకు తోటల పక్కన నడకకు వెళ్లొద్దు. ఈ తాలూకాలో చెరకు తోటల్లో చిరుతపులులు కాపురం ఉంటాయి. భయపెట్టడానికి అనడం లేదు, పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించండి.

దారిలో ద్రాక్షతోట

ఊరు దాటగానే రెండు పక్కలా పందిళ్లు మొదలవుతాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ తోటల్లో ఎక్కువ భాగం వైన్ కోసం కాదు, తినే ద్రాక్ష. థామ్సన్ సీడ్‌లెస్, సోనాకా, శరద్ లాంటివి. డబ్బాల్లో సర్దుకుని యూరప్ దాకా వెళ్తాయి. వైన్ ద్రాక్ష వేరు. కాయ చిన్నది, తోలు మందం, లోపల గింజలు. రంగు, వగరు, వాసన ఎక్కువగా ఆ తోలులోంచే వస్తాయి. తింటే రెండో గింజకి మొహం మొత్తుతుంది.

కొన్ని తోటల్లో గుత్తి గుత్తికీ న్యూస్‌పేపర్ చుట్టి ఉంటుంది. చూసి నవ్వుకోకండి. పగటి ఎండకీ రాత్రి చలికీ తేడా బాగా పెరిగితే పచ్చగా ఉండాల్సిన కాయ గులాబీరంగుకు తిరుగుతుంది. అలా తిరిగిన కాయను ఎగుమతికి తీసుకోరు. అందుకే ఆ కాగితాలు. ఫిబ్రవరిలో ఒక్క అకాలవాన గానీ వడగళ్లు గానీ పడితే ఏడాది కష్టం నేలపాలు. అందుకే అక్కడి రైతు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆకాశం కేసి చూస్తుంటాడు.

లోపలికి వెళ్లాలంటే కాపలా మనిషిని అడగండి. ఎక్కువమంది రానిస్తారు. గుత్తి మాత్రం తెంపొద్దు. మర్యాద సంగతి అటుంచితే, మందు కొట్టి ఎన్నాళ్లయిందో మీకు తెలీదు. తినాలనిపిస్తే రోడ్డు పక్క కొని, కడుక్కుని తినండి.

మధ్యాహ్నం: వైనరీ

దేవుడి దర్శనానికి వెళ్లొస్తూ వైనా అని మొహం చిట్లించేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మా ఇంట్లో ఇద్దరున్నారు. వాళ్లని బలవంతం చేయకండి. తాగకుండా తయారీ చూసి రావచ్చు. అమ్మ చూసింది, బాగా నచ్చింది కూడా. “మన ఆవకాయ జాడీ పెట్టినట్టే ఉంది, శుభ్రం, ఓపిక” అంది.

నాసిక్ ఊరి అవతల గంగాపూర్ డ్యాం నీళ్ల ఒడ్డున సూలా, యార్క్, సోమా లాంటి వైనరీలున్నాయి. దిండోరి వైపు, ఇగత్‌పురి వైపు ఇంకొన్ని. నందూర్‌కి దగ్గర్లోనే వించూర్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన వైన్ పార్కు ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు గంగాపూర్ రోడ్డే మేలు, ఎందుకంటే విడమర్చి చూపించే ఏర్పాటు అక్కడ బాగుంటుంది. సూలాని 1999లో మొదలుపెట్టిన రాజీవ్ సామంత్ అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం వదిలేసి, నాసిక్‌లో తమ కుటుంబానికున్న భూమికి తిరిగొచ్చిన మనిషి. అక్కడి గైడ్లు ఈ కథతోనే మొదలుపెడతారు. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు చాలా శ్రద్ధగా వింటారు.

శని, ఆదివారాలు వద్దు. ముంబై, పుణె కార్లన్నీ అక్కడే ఉంటాయి. మంగళ, బుధవారాల్లో వెళ్తే గైడ్‌కి మీ ప్రశ్నలు వినే తీరిక ఉంటుంది. బయల్దేరే ముందు ఆ రోజు డ్రై డే, అంటే మద్యం అమ్మని రోజు, కాదని చూసుకోండి. గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి, 21 ఏళ్లు నిండనివాళ్లకు వైన్ ఇవ్వరు.

తయారీలో ఒక్క విషయం గట్టిగా గమనించండి. తెల్ల వైన్‌కి కాయ పిండి, తోలు తీసేసి, రసాన్ని మాత్రమే చల్లటి స్టీల్ ట్యాంకుల్లో పులియబెడతారు. ఎర్ర వైన్‌కి తోలుతో సహా పులియబెడతారు, రంగు, వగరు దాన్నుంచే దిగుతాయి. జనవరి చివరి నుంచి వెళ్తే ట్రాక్టర్లలో కాయ రావడం, మర పిండటం కళ్లారా చూడొచ్చు. మిగతా నెలల్లో ట్యాంకులు మాత్రమే కనిపిస్తాయి.

రుచి చూసేటప్పుడు ఐదారు రకాలు కొద్దికొద్దిగా పోస్తారు. ఖాళీ కడుపుతో కూర్చోవద్దు. గ్లాసుని కాడ దగ్గర పట్టుకోండి, గిన్నె పట్టుకుంటే చేతి వేడికి రుచి మారుతుంది. రంగు చూసి, గ్లాసు మెల్లగా తిప్పి, వాసన చూసి, అప్పుడు చిన్న గుక్క. సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ వాసనలో కొందరికి పచ్చిజామ తగులుతుంది. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటు. చెనిన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల వైన్ కాస్త తియ్యగా, మొదటిసారి తాగేవాళ్లకి తేలిగ్గా ఉంటుంది. మీకేమీ తెలియకపోతే సిగ్గుపడకుండా “తెలియడం లేదు” అనండి. నాకు మొదటిసారి అన్నీ పులిసిన ద్రాక్షరసంలాగే ఉన్నాయి. నచ్చకపోతే పక్కనున్న పాత్రలో పారబోయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. డ్రైవింగ్ చేసే మనిషి మాత్రం జ్యూస్‌తోనే సరిపెట్టుకోవాలి.

సీసాలు కొని తెద్దామన్న ఉబలాటం అందరికీ వస్తుంది. ఆపుకోండి. వేరే రాష్ట్రంలో కొన్న మద్యాన్ని తెలంగాణలో ఎన్‌డీపీఎల్ (సుంకం కట్టని మద్యం) కేసు కింద పట్టుకుంటారు. రైళ్లలో, బస్సుల్లో తనిఖీలుంటాయి. ఆంధ్రలోనూ అనుమతి లేకుండా తెస్తే చిక్కే. ఒక సీసా కోసం ప్లాట్‌ఫాం మీద బ్యాగు విప్పి చూపించే పరిస్థితి ఎందుకు? నాసిక్ చివ్డా, కిస్‌మిస్ కొనుక్కోండి.

తిరుగు దారి

రాత్రి నాసిక్ రోడ్‌లో దేవగిరి ఎక్కేవాళ్లయితే వైనరీ నుంచి స్టేషన్‌కి కనీసం గంటన్నర పెట్టుకోండి. ఊళ్లో ట్రాఫిక్ ఉంటుంది. దారిలో ఆకలేస్తే మిసల్ పావ్ తినండి. కారం తక్కువ కావాలంటే పైన పోసే ఎర్ర రసం విడిగా ఇమ్మనండి.

మన్మాడ్, నాందేడ్ మీదుగా వచ్చే ఆ రైలు బాసర దగ్గర మళ్లీ గోదారిని దాటుతుంది. అప్పటికి తెల్లారిపోయి ఉంటుంది, కిటికీలోంచి చూడండి. అమ్మని లేపితే నిద్రకళ్లతో చూసి, “ఇప్పుడు కాస్త పెద్దదైంది” అని మళ్లీ పడుకుంది.